చక్రాల కొంపలో నెట్టు ట్యాంకు

జర్మనీలో మోటార్‌హోమ్ అద్దెకిచ్చేవాళ్లు తాళాలు చేతికిచ్చే ముందు మనల్ని బండి చుట్టూ తిప్పి ఓ పాఠం చెబుతారు. మంచినీళ్ల ట్యాంకు 100 లీటర్లు. నలుగురూ షవర్ కింద నిలబడి పాటలు పాడుకుంటే సాయంత్రానికల్లా ఖాళీ. వాడిన నీళ్లు పోగయ్యే ట్యాంకు వేరే. మరుగుదొడ్డి కింద సుమారు 18 లీటర్ల డబ్బా ఒకటి, దాన్ని బయటి తలుపు తీసి లాగి, మోసుకెళ్లి పారబోసి కడుక్కోవాలి (ఆ భాగ్యం ఎవరిదన్నది బయల్దేరక ముందే తేల్చుకోవడం కుటుంబానికి మంచిది). గ్యాసు సిలిండరు 11 కిలోలు. బ్యాటరీ 100 ఆంపియర్-అవర్లు. ఏది ఎంత మిగిలిందో చూపించే బుల్లి పలక తలుపు పక్కన ఉంటుంది. దాని మీద ఎర్రలైటు ఒక్కసారి వెలిగితే చాలు, ఇంటి దగ్గర బకెట్లకు బకెట్లు గుమ్మరించుకునే మనిషి కూడా చెంబుడు నీళ్లతో స్నానం అయిందనిపిస్తాడు. ఆ పలక మీద లేనిది ఒక్కటే, నెట్టు. కనపడదు గనక, అది ఎక్కడో గోదావరిలోంచి నేరుగా వస్తోందని బండిలో అందరూ నమ్ముతారు. కదిలే ఇంట్లో నెట్టు కూడా నింపుకుని, కొలుచుకుని, పొదుపుగా వాడుకోవాల్సిన ట్యాంకేనని, ఏ సిమ్ము కొనాలి, ఏ యాంటెన్నా బిగించాలి అన్న చర్చలన్నీ ఈ సంగతి ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలని నా వాదన.

యూరప్‌లో రోమింగ్ చార్జీలే ఎత్తేశారు కదా, ఇంకా కొలతలేమిటి అని వెంటనే అడ్డుపడతారు. ఎత్తేసిన మాట నిజమే. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఇంటి దగ్గర ఏ రేటో పొరుగు దేశంలోనూ అదే రేటు. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ యూనియన్‌లో లేకపోయినా ఈ లెక్కలో కలుస్తాయి. 2022లో ఈ ఏర్పాటును 2032 దాకా పొడిగించారు కూడా. ప్రభుత్వాలు చేసే చట్టాల్లో మనిషికి తిట్టబుద్ధి కానివి బహు తక్కువ. ఇది వాటిలో ఒకటి. అయితే దీనికీ సన్నక్షరాలున్నాయి. 'ఎంతైనా వాడుకో' అనే ప్లాను ఉన్నవాడికి సరిహద్దు దాటాక కంపెనీ తప్పనిసరిగా ఇవ్వాల్సింది ఎంతంటే, నెలసరి ధరలోంచి పన్ను తీసేసి, కంపెనీలు ఒకదానికొకటి చెల్లించుకునే టోకు రేటు పరిమితితో భాగించి, వచ్చినదాన్ని రెట్టింపు చేయాలి. ఆ టోకు పరిమితి 2017లో జీబీకి 7.70 యూరోలు, 2025కి 1.30కి దిగింది. అంటే పన్ను కాక నెలకు 20 యూరోలు కట్టేవాడికి 2025లో దక్కేది సుమారు 30 జీబీ. ఆపైన వాడితే అదనపు చార్జీ వేసుకునే హక్కు కంపెనీకి ఉంది. మంచి నాణ్యతతో సినిమా చూస్తే నెట్‌ఫ్లిక్స్ గంటకు 3 జీబీ దాకా మింగుతుంది. ఆ లెక్కన 30 జీబీ అంటే పది గంటలు. బండిలో నలుగురున్నారు, సెలవు రెండు వారాలు, అత్తగారి సీరియళ్లు రోజుకు రెండు. ఇది ట్యాంకు కాదని ఎవరనగలరు?

పైగా ఈ ఏర్పాటుకు నట్టనడుమ ఓ చిల్లుంది, దాని పేరు స్విట్జర్లాండ్. అది యూరోపియన్ యూనియన్‌లో లేదు, యూరోపియన్ ఆర్థిక మండలంలోనూ లేదు. కాబట్టి ఈ చట్టంతో దానికి పనిలేదు. కొన్ని జర్మన్ కంపెనీలు పోనీలే పాపమని స్విట్జర్లాండ్‌ను తమ ప్లాన్లలో కలుపుతాయి, కొన్ని కలపవు. కలపనివాటి దగ్గర లెక్క ఎంబీల్లో మొదలవుతుంది. సరే, అటు వెళ్లకుండా ఉందామా అంటే, తెలుగు కుటుంబం యూరప్ దాకా వచ్చి స్విట్జర్లాండ్ చూడకుండా తిరిగి వెళ్లడం జరిగే పని కాదు. మన హీరోయిన్లు పల్చటి చీరల్లో, మంచు మీద, ఒక్క వణుకు కూడా లేకుండా పాటలు పూర్తిచేసిన పుణ్యభూమి అది. షాఫ్‌హౌజెన్ దగ్గర రైన్ జలపాతం ముందు నిలబడి నాన్నగారు ఐఫోన్‌తో ఒక్క నిమిషం 4కే వీడియో తీశారనుకోండి. అది సుమారు 170 ఎంబీ. తీయడం వరకూ ఉచితమే. తీసిన మరుక్షణం ఆ ఫోను, సెట్టింగు తెరిచే ఉంటే, యజమానిని మాటమాత్రం అడక్కుండా ఆ 170 ఎంబీనీ క్లౌడుకు మోయడం మొదలుపెడుతుంది. నాన్నగారు మాత్రం ఇంకా జలపాతమే చూస్తుంటారు. అక్కడికి దగ్గర్లోనే బ్యూసింగెన్ అనే ఊరుంది. ఊరు జర్మనీది, చుట్టూ నాలుగు దిక్కులా స్విట్జర్లాండ్. అక్కడ ఫోను గోడమీద పిల్లే. కాన్‌స్టాన్స్ సరస్సు సంగతి మరీ అన్యాయం. జర్మన్ ఒడ్డున బండి ఆపుకుని, జర్మన్ రొట్టె తింటూ, సరిహద్దు దాటలేదు కదా అని నిశ్చింతగా కూర్చుంటే, నీళ్ల మీద అడ్డేమీ లేక ఎదురొడ్డు స్విస్ టవరు వచ్చి ఫోనులో కూర్చుంటుంది. నెట్‌వర్కును ఫోనుకు వదిలేయకుండా మనమే ఎంచి పెట్టుకోవడం ఒక్కటే దీనికి విరుగుడు. చట్టం ఇక్కడా ఒక మేలు చేసింది: యూనియన్ బయటికి వెళ్లినా సరే, డేటా బిల్లు పన్ను కాక 50 యూరోలు కాగానే కంపెనీ కొళాయి కట్టేయాలి. కట్టేస్తుంది, ఇంకా కావాలా అని మెసేజీ కూడా పెడుతుంది. ఆ మెసేజీ జర్మన్‌లో ఉంటుంది, ఆ ఫోను వెనకసీట్లో ఆరేళ్ల పిల్లాడి చేతిలో ఉంటుంది.

బండిని ఓడెక్కించి ఇటలీ నుంచి గ్రీసు వెళ్లేవాళ్లకు ఇంకో ముచ్చట. నడిసముద్రంలో ఫోను పట్టుకునేది ఓడ సొంత టవరును, దాని వెనక ఉపగ్రహాన్ని. నేల మీది రోమింగ్ రేట్లు దానికి వర్తించవు. ర్యాంపు ఎక్కేటప్పుడే ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం ఉత్తమం, అది విమానం కాకపోయినా.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, అసలు సిగ్నల్ అనేది ఉండాలి కదా. టవర్లు కట్టేది ఖాతాదారులున్న చోట. మోటార్‌హోమ్ కొనేది ఖాతాదారులు లేని చోటికి వెళ్లడానికి. జనం లేని అడవి అంచు కావాలి, జనం ఉన్న ఊరి సిగ్నల్ కావాలి. ఈ రెండు కోరికల మధ్య ఏ కంపెనీ మాత్రం ఏం చేయగలదు? 700, 800 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి గానీ మోయగలిగే బరువు తక్కువ. 3.5 గిగాహెర్ట్జ్ 5జీ జోరుగా ఉంటుంది గానీ కొండ అడ్డమొస్తే అక్కడే ఆగిపోతుంది. యూరప్‌లోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థ అయిన జర్మనీలో సిగ్నల్ దొరకని గుంతలు జాతీయ స్థాయి జోకు. వాటిని జనం చేతే గుర్తింపజేసి పటం మీద చూపించడానికి అక్కడి నియంత్రణ సంస్థ ఏకంగా ఒక యాప్ నడుపుతోంది. బ్లాక్ ఫారెస్ట్ లోయలో దిగినవాడికి ఆ యాప్ బాగా పనికొస్తుంది, తెరవడానికి నెట్టు ఉంటే. దీనికి తోడు బండి ఒళ్లంతా లోహం. అక్కడి క్యాంపర్ వ్యాన్లలో చాలావాటికి మూలం ఫియట్ డుకాటో అనే ఉక్కు డబ్బా. లోహపు పెట్టె లోపలికి విద్యుత్ క్షేత్రం చొరబడదని మైకేల్ ఫారడే 1836లోనే పంజరం కట్టి చూపించాడు; కిటికీలు ఉండబట్టి మనకు ఆ కాస్తయినా అందుతోంది. అందుకే క్యాంపులో సాయంత్రం పూట పైకప్పు కిటికీ తెరిచి, మంచమెక్కి, చెయ్యి ఆకాశంలోకి చాచి నిలబడ్డ మగమనిషి కనిపిస్తే ఆయన యోగా చేస్తున్నాడనుకోకూడదు. పైకప్పు మీద యాంటెన్నా, లోపల రౌటరు బిగిస్తే నిజంగానే మేలు జరుగుతుంది. ఈ సామాన్లన్నిటిలో నేను ఓటేసేది దానికే. కానీ సున్నాను ఎన్నింతలు చేసినా సున్నాయే. సిగ్నల్ పెంచే బూస్టరు పెట్టెల జోలికి మాత్రం పోవద్దు. అనుమతి లేకుండా వాటిని వాడటం మన దేశంలో కూడా నేరమే.

ఈ టవర్ల గోలంతా ఎందుకు, ఉపగ్రహాల నుంచి నెట్టు దింపే స్టార్‌లింక్ పళ్లెం ఒకటి నెత్తిన పెట్టుకుంటే పోలా అనేది తర్వాతి వాదం, అన్నిటికంటే బలమైన వాదం. 2022లో ఆ కంపెనీ మోటార్‌హోమ్‌ల కోసమే ప్రత్యేకంగా ప్లాను తెచ్చింది, అది పనిచేస్తుంది కూడా. బండిలోంచే ఉద్యోగం చేసుకునేవాడు కొనుక్కోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. సెలవులకు బయల్దేరినవాడు మాత్రం ఒక్కసారి బ్యాటరీ వంక చూడాలి. మామూలు పళ్లెం తాగే కరెంటు 75 నుంచి 100 వాట్లు. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. అది సీసం బ్యాటరీ అయితే సగానికి మించి వాడితే పాడైపోతుంది. అంటే ఆరు నుంచి ఎనిమిది గంటల నెట్టు, ఆ తర్వాత చీకటి. మినీ అని చిన్నది వచ్చింది, దానికి 25 నుంచి 40 వాట్లు చాలు. సరే, కరెంటు గండం గడిచిందనుకుందాం. పళ్లానికి ఆకాశం కనపడాలి. మధ్యధరా తీరంలో క్యాంపులు పేరు తెచ్చుకున్నదే పైన్ చెట్ల నీడతో. జులై ఎండలో క్రొయేషియాలో బండి చెట్టుకింద పెడితే నెట్టు పోతుంది, ఎండలో పెడితే మనుషులు పోతారు. ఒక ట్యాంకును కాదని ఆకాశాన్ని నమ్ముకుంటే, ఆ ఆకాశం ఇంకో ట్యాంకును ఖాళీ చేస్తుందన్నమాట. పైగా నెలకు ఇన్ని జీబీలు అని కొలిచి పోసే ప్లాన్లు ఆ కంపెనీకీ ఉన్నాయి.

క్యాంపు వాళ్ల వైఫై గురించి ఎక్కువ మాట్లాడుకోనక్కర్లేదు. వందల బళ్లు, ఊరి చివరి లైను ఒకటి, అందరూ చెప్పులు విప్పి కూర్చునే వేళ ఒకటే. రాత్రి తొమ్మిదికి రిసెప్షన్ గది గోడకు ఆనుకుని పన్నెండు దేశాల వాళ్లు నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకే చక్రం తిరగడం చూస్తుంటారు. ఐక్యరాజ్యసమితి అంత శాంతిగా ఎన్నడూ ఉండి ఉండదు.

ఇక ఇండియా నుంచి వచ్చిన పెద్దల ఫోన్లు. వాటిలో ఉన్నది మన సిమ్ము, దాని తీరు వేరు. రోమింగ్‌లో ఉన్న సిమ్ము డేటా సాధారణంగా సొంత దేశం మీదుగానే తిరుగుతుంది. వెనిస్‌లో నిలబడి పక్క సందులో శాకాహార హోటలుందా అని మావయ్యగారు వెతికితే, ఆ ప్రశ్న ముందు ఇటలీ టవరెక్కి, ఇండియాలో ఆయన కంపెనీ గేటు దాకా వెళ్లి, అక్కడ ఇంటర్నెట్టులోకి దిగి, జవాబు పట్టుకుని మళ్లీ అదే దారిన వెనిస్ చేరుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా పేజీ తాపీగా తెరుచుకోవడానికి కారణమిదే. ప్రశ్న ఖండాలు దాటి వస్తోంది మరి. అయితే ఈ తిరుగుడు దారికి ఒక విచిత్రమైన ప్రయోజనం ఉంది. ఇండియాలో మాత్రమే చూడగలిగే కొన్ని ఓటీటీ యాప్‌లు అబ్బాయి జర్మన్ హాట్‌స్పాట్ ఇవ్వగానే 'ఇది మీ ప్రాంతంలో లభ్యం కాదు' అని తలుపేస్తాయి. అదే ఇండియా సిమ్ము రోమింగ్ డేటా మీద పెడితే, అత్తగారు ఇంకా దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నారనుకుని సీరియల్ వేసేస్తాయి. చౌక నెట్టులో సీరియల్ రాదు, సీరియల్ వచ్చే నెట్టు చౌక కాదు. ఈ సమస్యకు పరిష్కారం హైదరాబాద్ విమానాశ్రయానికి బయల్దేరే ముందు ఇంటి వైఫైలో ఉంది. రెండు వారాల ఎపిసోడ్లు ముందే ప్రసారమై ఉండవు గనక, పాతవి డౌన్‌లోడ్ చేసుకుని మళ్లీ చూడాలి. కథలో పెద్దగా తేడా తెలియదు.

అలాగని ఆ సిమ్మును పీకి పర్సులో దాచకూడదు. ఓటీపీ దాని మీదికే వస్తుంది. ఎస్సెమ్మెస్‌కు మొబైల్ డేటా అవసరం లేదు. డేటా రోమింగ్ ఆపేసి సిమ్మును మాత్రం బతికి ఉండనిస్తే సాధారణంగా పైసా ఖర్చు లేకుండా ఓటీపీ చేరుతుంది. ఆస్తిపన్ను రాయితీకి ఆఖరి రోజు ఏప్రిల్ 30 అని ఆల్ప్స్ లోయలో గుర్తొచ్చిన మనిషికి ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు. కాకపోతే ఆ ఓటీపీకి కొద్ది నిమిషాల ఆయుష్షే, లోయలో సిగ్నల్‌ది ఇంకా అల్పాయుష్షు. (2024 ఫిబ్రవరి నుంచి ఈఫిల్ టవర్ దగ్గర యూపీఐ కూడా మొదలైంది. పారిస్ మధ్యలో సిగ్నల్‌కు లోటు లేదు గనక, అక్కడ డబ్బు లేదని తప్పించుకునే దారి మూసుకుపోయింది.)

ఇంత బాధ దేనికి, ఫోన్లన్నీ కట్టేసి హాయిగా చెట్లూ చేమలూ చూడొచ్చు కదా అనే మహానుభావులు కొందరుంటారు. ఆ మాట కూడా వాళ్లు వాట్సాప్‌లోనే పంపుతారు. వాళ్ల మీద గౌరవం ఉంది గానీ, ఈ రోజుల్లో క్యాంపులో చోటు బుక్ చేయడం, ఓడ టికెట్టు, పార్కింగ్ చెల్లింపు, ఆ ఊళ్లోకి డీజిల్ బండిని రానిస్తారా లేదా అన్న వాకబు, అన్నీ ఫోనులోనే. చెట్లను చూడటానికి కూడా ముందు బుక్ చేసుకోవాలి. పైగా వాళ్లు తెగ భయపెట్టే విషయాల్లో రెండు అసలు నెట్టు అక్కర్లేనివి. దారి చూపించే జీపీఎస్ సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల మాట వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు. దానికి డేటా సున్నా. మ్యాపు బొమ్మ ముందే ఫోనులో దింపుకుంటే ఆల్ప్స్‌లో ఏ సందులోనైనా 'కుడివైపు తిరగండి' అంటుంది. రెండోది ఆపద. 112 నంబరు యూరోపియన్ యూనియన్ అంతటా ఒకటే, మన దేశంలోనూ అదే; మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవరు ఆ కాల్‌ను మోస్తుంది. ఏ టవరూ లేని చోట మాత్రం ఏదీ మోయదు. కొండల్లోకి నడిచి వెళ్లేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నదీ ఒకరికి చెప్పి వెళ్లడం ఫారడే కంటే పాత పద్ధతి.

ఇలా తీసేయగా తీసేయగా ట్యాంకులోంచి నిజంగా కావాల్సింది చూస్తే నవ్వొస్తుంది. బుకింగులు, టికెట్లు, వాతావరణం, గుడ్ మార్నింగ్ పువ్వులు, వీటన్నిటికీ కలిపి రోజుకు వందో రెండొందలో ఎంబీ చాలు. మిగతాదంతా కారిపోయేదే. ఫొటోల బ్యాకప్, రాత్రికి రాత్రి యాప్‌ల అప్‌డేట్లు, ఫేస్‌బుక్‌లో వేలు తగలకుండానే ఆడే వీడియోలు, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వీడియో తనంతట తాను దిగిపోవడం. ఈ నాలుగు కొళాయిలూ కట్టేస్తే 30 జీబీ ట్యాంకు నెలాఖరుకు కూడా నిండుగా కనిపిస్తుంది. కట్టేయడం నామోషీ అనుకునేవాళ్లకు ఒక్క మాట. జంట నగరాల్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో పెరిగిన మనిషికి సంపు నింపడం ఎవరూ నేర్పక్కర్లేదు. రోజుకు 2 జీబీ ప్యాకుతో బతికే మనిషికి కోటా అంటే ఏమిటో తెలియకపోదు. కాకపోతే అక్కడ మనకు అలవాటైంది కోటాను దాచుకోవడం కాదు, అర్ధరాత్రి కొత్తది వచ్చేలోగా పాతదాన్ని ఎలాగైనా తగలేయడం. పదకొండున్నరకు ఇంకా 700 ఎంబీ మిగిలిందని నిద్ర మానుకుని రీల్స్ చూసే జాతి మనది. ఆ అలవాటుతో బండెక్కితే మొదటి వారంలోనే అడుగు కనిపిస్తుంది.

మరి నింపుకునేది ఎక్కడంటే, ఊళ్లో. మధ్యాహ్నం సరుకులకు ఎలాగూ సూపర్‌మార్కెట్ దగ్గర ఆగుతారు. ఊరి నడుమ 5జీ జోరుగా ఉంటుంది, చాలా ఊళ్ల గ్రంథాలయాల్లో వైఫై ఉచితం. సినిమాలు, మ్యాపులు దింపుకోవడం, ఫొటోలు ఎక్కించడం, ఊరికి వీడియో కాల్ చేయడం, అన్నీ అక్కడే కానిచ్చేయాలి; మన దేశంలో అప్పటికి సాయంత్రం, పలకడానికి చుట్టాలందరూ ఇంట్లోనే ఉంటారు. కారు పట్టే గీతల మధ్య ఏడు మీటర్ల బండి ఇమడదు గనక ఓ మూలగా పెట్టుకోండి. చాలాచోట్ల పార్కింగ్ గంటో గంటన్నరో ఉచితం, వచ్చిన టైము నీలం అట్ట డిస్కు మీద తిప్పి అద్దం వెనక పెట్టాలి. ఎపిసోడ్లు దిగుతున్నంతసేపూ ఎవరో ఒకరు లోపల పెరుగు డబ్బాల ముందు తీరిగ్గా నిలబడి, ఏది పుల్లగా ఉండదో తేల్చుకుంటూ ఉండొచ్చు.